పార్కిన్సన్ అలసటకు కదలికే ఊతం

పార్కిన్సన్ వ్యాధి అనగానే చేతుల వణుకే మనసులో మెదులుతుంది గాని, ఆ వ్యాధి ఉన్నవారిలో దాదాపు సగం మందిని వేధించే అలసట మాత్రం పక్కవారి కంటికి కనిపించదు. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవారు “చాతనైతలేదు” అని ఒక్క మాటలో చెప్పే ఈ స్థితిని ఇంటివారు వయసు ఖాతాలో వేసి, ఏ పనీ ముట్టుకోవద్దని, పడుకోమని ప్రేమతోనే చెబుతారు. ఆ ప్రేమ తెలియకుండానే కీడు చేస్తుందన్నది బాధాకరమైన నిజం.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించిన ఈ వ్యాధిలో, మధ్య మెదడులో కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. ఆ లోటును పూడ్చే ప్రధాన ఔషధం లెవోడోపా. మన పొలం గట్ల మీద తీగలా అల్లుకునే దూలగొండి గింజల్లో ఆ పదార్థం ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు వేరుచేసి చూపారు. అంతమాత్రాన వైద్యుడికి చెప్పకుండా మాత్రలతోపాటు ఆ పొడినీ తినడం ప్రమాదకరం, ఎందుకంటే మోతాదు ఎంత పెరిగిందో ఎవరికీ తెలియదు.

కదలికలను సరిచేసే లెవోడోపా అలసటను అన్నివేళలా తీర్చదు. మెదడులోని మార్పులకు తోడు నిద్రలేమి, దిగులు, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం కూడా శక్తిని హరిస్తాయి. రక్తహీనత, థైరాయిడ్ లోపం, బి12 లోటు వంటివైతే పరీక్షతో బయటపడి చికిత్సకు లొంగుతాయి గనుక, వ్యాయామానికి ముందే వాటి సంగతి చూడాలి. వీటన్నిటి మీద విశ్రాంతి మరో భారం మోపుతుంది: కదలని కండరం క్షీణిస్తుంది, గుండె దమ్ము తగ్గుతుంది, దాంతో నిన్న సులువుగా చేసిన స్నానమే నేడు ఒంట్లోని బలాన్నంతా పీల్చేస్తుంది, మనిషి మరింతగా మంచానికి అతుక్కుపోతాడు.

వ్యాయామం తెంచేది ఈ గొలుసునే. అమెరికాలో 128 మందితో జరిగి 2018లో వెలువడిన పరిశీలనలో, ఆరు నెలలపాటు ట్రెడ్‌మిల్ మీద గట్టిగా శ్రమించినవారి కదలిక లక్షణాలు దాదాపు ఉన్నచోటనే నిలిచాయి. మరుసటి ఏడు నెదర్లాండ్స్ వైద్యులు ఇంట్లోనే ఒకేచోట నిలిచి ఉండే వ్యాయామ సైకిల్ తొక్కించి మేలు చూపారు. అలసటను మాత్రమే కొలిచిన అధ్యయనాలు చిన్నవి, వాటి ఫలితాలు ఒక్క తీరున లేవు. అయినా ఒంటి సామర్థ్యం పెరిగి, నిద్ర, మనసు కుదుటపడితే రోజువారీ పని తేలికవుతుంది గనుక, వ్యాయామాన్ని మందుతో సమానంగా పట్టించుకోవాలి.

ఇందుకు పెద్ద జిమ్ అక్కరలేదు, వేళ ముఖ్యం. లెవోడోపా మాత్రను సాధారణంగా తిండికి అరగంట ముందు వేసుకోమంటారు, ఎందుకంటే పప్పు, గుడ్డు, పాలలోని మాంసకృత్తులు అది ఒంటబట్టకుండా అడ్డుపడగలవు. ఆ మాత్ర పనిచేసి కాళ్లు తేలికైన సమయంలోనే నడక మొదలుపెట్టాలి. తొలి వారం పది నిమిషాలు చాలు, క్రమంగా అరగంటకు పెంచవచ్చు. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం తగినది. గడప దగ్గర పాదాలు నేలకు అంటుకుపోయినట్లు ఆగిపోయేవారికి పక్కవారు “ఒకటి, రెండు” అని లయగా లెక్కపెట్టినా, నేల మీద అడ్డంగా సుద్దగీతలు గీసినా అడుగు పడుతుంది. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, దాని మీద కూర్చుని లేవడం తొడలకు బలమిస్తుంది.

కుతుబ్ షాహీల నాటి ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట నడకకు ఆహ్లాదకరమే గాని, తూలిపడే అవకాశం ఉన్నవారికి ఎగుడుదిగుడు బాట తగదు. చదునైన బడి మైదానమో, ఇంటి వాకిలో మేలు, పక్కన ఒక మనిషి తప్పనిసరి. వ్యాయామం చేసిన మరునాడు కూడా ఒళ్లు బడలికగా ఉంటే మానేయకుండా నిడివిని సగానికి తగ్గించాలి. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి పోయి రావలసిన రోజున ఆ ప్రయాణమే తగినంత శ్రమ గనుక, ఆ పూట నడకను వదిలి, మరుసటి ఉదయం మాత్ర వేళకు తిరిగి మొదలుపెట్టవచ్చు.