నెత్తురు మోయు రెండు వాయువులు

2023 అక్టోబరు 21వ తేదీ ఉదయమున, పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న శ్రీహరికోట దీవి నుండి ఒక రాకెట్టు లేచినది. గగనయాన కార్యక్రమములో యాత్రికులు కూర్చుండుటకు ఉద్దేశించిన గదికి నమూనా దాని కొనయందు అమర్చబడినది. ఆనాడు అందులో ఎవరును లేరు. ప్రయాణములో ఆపద వాటిల్లినచో యాత్రికులను తప్పించు ఏర్పాటు పనిచేయునా అని చూచుటకై జరిపిన పరీక్ష అది. గది సుమారు 17 కిలోమీటర్ల ఎత్తున విడివడి, పారాచూటుల సాయమున సముద్రములో దిగినది.

అట్టి గదిలో మనుష్యులు కొన్ని దినములు బ్రతుకవలెనన్న ఏమి కావలెను? ప్రాణవాయువు అని ఎవరైనను వెంటనే చెప్పుదురు. అది సగము సమాధానమే. తక్కిన సగము తెలియుటకు మన నెత్తురు చేయు పనిని కొంచెము పరికింపవలెను.

మన శరీరములో సుమారు 5 లీటర్ల నెత్తురు కలదు. అది వట్టి నీరే యైనచో మనము క్షణకాలము బ్రతుకజాలము; ఏలన, ప్రాణవాయువు నీటిలో కరగుట మిక్కిలి స్వల్పము. 100 మిల్లీలీటర్ల నెత్తురులో ఊరక కరగియుండు ప్రాణవాయువు 0.3 మిల్లీలీటరు మాత్రమే. అయినను ఆ కొలత నెత్తురే ఊపిరితిత్తుల నుండి బయలుదేరునప్పుడు సుమారు 20 మిల్లీలీటర్లు తీసికొనిపోవుచున్నది. ఈ భేదమునకు కారణము ఎర్ర కణములలో నిండియున్న హిమోగ్లోబిన్ అను పదార్థము. దాని అణువు ఒక్కొక్కదానిలో నాలుగు ఇనుప పరమాణువులు కలవు. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రాణవాయు అణువును పట్టుకొనును. గోడకు కొట్టిన మేకు తుప్పు పట్టుటయు ఇనుము ప్రాణవాయువుతో కలియుటయే గాని, ఆ మేకు తాను పట్టిన వాయువును తిరిగి విడువదు. నెత్తురులోని ఇనుము విడుచును. విశేషమంతయు ఆ విడుచుటలోనే యున్నది.

ఎచ్చట విడువవలెనో దానికెట్లు తెలియును? పరుగెత్తువాని కాలి కండరమును తలచుకొనుడు. అచ్చట ఆహారము దగ్ధమై బొగ్గుపులుసు వాయువు పుట్టును; దానివలన నెత్తురులో పులుపు హెచ్చును. ఆ పులుపు సోకగానే హిమోగ్లోబిన్ పట్టు సడలును. ఎచ్చట పని ఎక్కువయో అచ్చటనే సరకు ఎక్కువగా దిగునన్నమాట! 1904లో ఈ సంగతిని వెల్లడించినవారిలో ముఖ్యుడు డెన్మార్కు దేశస్థుడగు క్రిస్టియన్ బోర్. పరమాణు శాస్త్రజ్ఞుడు నీల్స్ బోర్ ఈయన కుమారుడే.

హిమోగ్లోబిన్ తగ్గినచో ఏమగునో లెక్క వేసి చూతము. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయును. 100 మిల్లీలీటర్ల నెత్తురులో 15 గ్రాములున్నవారికి 20 మిల్లీలీటర్లు అందును. 8 గ్రాములకు దిగిన ఇల్లాలికి 11 కూడ అందవు. ఆమె ఊపిరితిత్తులు బాగుగనే యున్నవి, గాలికి కొదువ లేదు. అయినను నాలుగు మెట్లెక్కగానే ఆయాసము, గుండెదడ. లోటు తీర్చుటకై గుండె వడివడిగా కొట్టుకొనుచున్నది. ఇంటివారు దీనిని బద్ధకమని విసుగుకొనుట నేను పలుమారులు వినియున్నాను. నెత్తురు పరీక్ష చేయించినచో అట్లనరు. తరచుగా కారణము ఇనుము కొరత. కొందరికి ఎర్ర కణములు సరిగా తయారగుటకు వలసిన ఫోలిక్ ఆమ్లము చాలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధకులకు నాయకత్వము వహింపగా, 1945లో ఆ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. గర్భిణులకు ఇచ్చు మాత్రలలో ఇనుముతో పాటు ఉండునది అదియే.

ఇక బొగ్గుపులుసు వాయువు తిరుగు ప్రయాణము. గోలీసోడాలో గోలీని నొక్కగానే బుసబుస పొంగునది ఈ వాయువే. నెత్తురులో ఇది అట్లు కరగియే పోవుచున్నదని తలచెదరేమో. అట్లు పోవునది పదింట ఒక పాలును మించదు. సుమారు రెండు పాళ్లు హిమోగ్లోబిన్‌నే అంటిపెట్టుకొని పోవును గాని, ఇనుమును కాదు, అందలి మాంసకృత్తును. తక్కిన ఏడు పాళ్లు ఎర్ర కణములో నీటితో కలిసి బైకార్బొనేటుగా మారును. వంటింటిలో పిండికి కలుపు సోడాలో నున్నదియు బైకార్బొనేటే. ఊపిరితిత్తులు చేరగానే అది తిరిగి వాయువై ఊపిరితో వెలికి పోవును.

ఒక్క నిమిషము ఊపిరి బిగబట్టి చూడుడు. ఇక తాళలేమని తోచునపుడు శరీరములో ప్రాణవాయువు ఇంకను కావలసినంత యుండును. ఊపిరి తీయుమని తొందరపెట్టునది ముఖ్యముగా పేరుకొనుచున్న బొగ్గుపులుసు వాయువే. మెదడు అడుగుభాగమున నున్న కేంద్రము నెత్తురులో పులుపు హెచ్చుటను కనిపెట్టి ఆజ్ఞ ఇచ్చును. చుట్టునున్న గాలిలోనే ఈ వాయువు నిండియున్నచో ఎంత రొప్పినను ఫలము లేదు. తలనొప్పి, మతి తప్పుట, పిదప స్పృహ పోవుట.

1970 ఏప్రిల్‌లో అపోలో-13 యాత్రికులకు సంభవింపబోయిన ఆపద ఇదియే. ప్రాణవాయువు తొట్టి ప్రేలిపోగా, ముగ్గురును ఇద్దరికై నిర్మించిన చంద్రవాహనములో తలదాచుకొనిరి. పీల్చుటకు ప్రాణవాయువు అందు చాలినంత యున్నది. బొగ్గుపులుసు వాయువును పీల్చివేయు లిథియం హైడ్రాక్సైడు డబ్బాలు మాత్రము చాలలేదు. ప్రధాన నౌకలో అదనపు డబ్బాలు కలవు గాని అవి చదరము, వాహనములోని అమరిక గుండ్రము! భూమి మీది ఇంజనీర్లు చెప్పినట్లు ప్లాస్టిక్ సంచులు, అట్టముక్కలు, గొట్టములు, అంటుపట్టీలతో వానిని అతికించి యాత్రికులు బ్రతికి బయటపడిరి.

ఒక మనుష్యుడు దినమునకు విడుచు బొగ్గుపులుసు వాయువు సుమారు ఒక కిలో. ముగ్గురు మూడు దినములున్నచో తొమ్మిది కిలోలు. శ్రీహరికోట నుండి మనుష్యులను కొనిపోవు గదిలో ప్రాణవాయువు తొట్టె ఎంత ముఖ్యమో, ఈ తొమ్మిది కిలోలను పట్టి యుంచు ఏర్పాటు కూడ అంత ముఖ్యము.