కొండ అవతల కారు మొరాయిస్తే...

ఆదివారం సాయంత్రం. యారాడ తీరం. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. పిల్లలు ఇసుకలో ఆడి ఆడి అలిసిపోయారు. కారు తలుపులు బార్లా తీసి, పాటలు పెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినేసరికి చీకటి పడింది. ఇక బయల్దేరదామని తాళం తిప్పితే... 'టిక్ టిక్ టిక్'! డాష్‌బోర్డు మీద దీపాలు ఓసారి వెలిగి, నీరసంగా ఆరిపోయాయి. ఇంజిన్‌లో ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇదే గాజువాకలోనో, మల్కాపురంలోనో అయితే పక్క వీధి నుంచి మెకానిక్ వచ్చేస్తాడు. యారాడ సంగతి వేరు. ఎవరొచ్చినా సింధియా వైపు నుంచి ఘాట్ రోడ్డెక్కి, కొండ దాటి దిగి రావాల్సిందే. అలా వచ్చినాయన బానెట్ ఎత్తీ ఎత్తకముందే 'బ్యాటరీ పోయింది సార్, కొత్తది ఏసేద్దాం' అంటే, చీకట్లో పిల్లలతో నిలబడ్డ మనిషికి కాదనే ధైర్యం ఎక్కడిది? ఐదు వేలు వదిలించుకుని ఇల్లు చేరతాడు. నాలుగు రోజులు గడుస్తాయి. ఆఫీసుకెళ్దామని తాళం తిప్పితే మళ్లీ అదే 'టిక్ టిక్'. అప్పుడు తెలుస్తుంది... పోయింది బ్యాటరీ కాదు, డైనమో అని!

కారు కరెంటు జబ్బుల్లో తరచూ జరిగేదిదే. జబ్బుకయ్యే ఖర్చు కన్నా, జబ్బేంటో తెలియక పెట్టే ఖర్చే ఎక్కువ.

కుండ... కుళాయి

బ్యాటరీని ఓ కుండ అనుకుంటే, దాన్ని ఎప్పటికప్పుడు నింపే కుళాయి ఆల్టర్నేటర్. మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే పిలిచేది దీన్నే. తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైనే కరెంటు లాగేస్తుంది. అదంతా కుండలోని నీళ్లే. ఇంజిన్ అందుకున్నాక దానికి బెల్టుతో బిగించిన ఆల్టర్నేటర్ తిరగడం మొదలెడుతుంది. దీపాలు, ఏసీ, పాటలు... అన్నింటికీ కరెంటు ఇస్తూనే ఖర్చయిన దాన్ని బ్యాటరీలో తిరిగి నింపుతుంది.

సీసం, ఆమ్లంతో పనిచేసే ఈ బ్యాటరీని ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లోనే కనిపెట్టాడు. ఇంజిన్‌ను చేత్తో తిప్పే బాధ తప్పిస్తూ 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. అప్పటి నుంచి కారుకూ బ్యాటరీకీ విడదీయరాని బంధం. మన రాష్ట్రంలోనే, తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా సంస్థ ఏళ్ల తరబడి ఇవే బ్యాటరీలు తయారుచేస్తోంది. పెట్రోలు చుక్క అక్కర్లేని ఎలక్ట్రిక్ కార్లలో సైతం దీపాలు, తాళాలు, కంప్యూటర్ల కోసం చాలావాటిలో విడిగా ఓ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది నీరసిస్తే ఆ కారూ కదలదు.

ఉప్పుగాలి ఊళ్లో...

బ్యాటరీకి వేడి పడదు. ఎండ తీవ్రత పెరిగేకొద్దీ లోపలి రసాయన చర్య వేగం పుంజుకుని, పలకలు తొందరగా అరిగిపోతాయి. దానికి తోడు సముద్రం. షిప్‌యార్డు ఉన్న ఊరి జనానికి ఉప్పుగాలి ఇనుమును ఏం చేస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. కారు బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగానో, పచ్చగానో పేరుకునే పొడికి లోపలి ఆమ్లం ఆవిరి కారణమైతే, తేమ, ఉప్పు దాన్ని మరింత పెంచుతాయి. ఆ పొడి కరెంటుకు అడ్డుగోడ. కుండ నిండుగా ఉన్నా, కుళాయి బాగున్నా గొట్టం పూడుకుపోతే నీళ్లెలా వస్తాయి?

ఇక మన అలవాట్లు. ఇంటి నుంచి రైతుబజారుకు, అక్కణ్నుంచి బడికి... ఇలా రెండేసి కిలోమీటర్లు తిరిగే కారులో సెల్ఫ్‌కు ఖర్చయిన కరెంటు మళ్లీ నిండే వ్యవధే ఉండదు. ఇంజిన్ ఆపి గంటల తరబడి పాటలు వింటే ఆ కాస్తా హరించుకుపోతుంది. హెడ్‌లైట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 55 వాట్ల దీపాలు రెండు కలిసి గంటకు తొమ్మిది ఆంపియర్-అవర్ల దాకా తాగేస్తాయి. చిన్న కారులో ఉండేది 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. కొత్తదైనా నాలుగు గంటలు నిలవదు. పాతదైతే గంటకే చేతులెత్తేయొచ్చు.

ఐదు నిమిషాల పరీక్ష

దొంగ ఎవరో తేల్చడానికి కొన్ని వందలకే దొరికే మల్టీమీటర్ చాలు. కారు ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ రెండు కొనల మధ్య చూస్తే 12.6 వోల్టులు ఉండాలి. 12.2కు వచ్చిందంటే సగం ఖాళీ. 12 దగ్గరుంటే దాదాపు అడుగంటినట్టే. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి చూడాలి. 13.8 నుంచి 14.5 మధ్య కనిపిస్తే కుళాయి బాగానే పోస్తోందన్నమాట. హెడ్‌లైట్లు, ఏసీ వేసినా పెద్దగా పడిపోకూడదు. ఇంజిన్ తిరుగుతున్నా 12 దగ్గరే ఉండి, ఇంకా కిందికి జారుతోందంటే ఆల్టర్నేటర్‌నో, దాని బెల్టునో అనుమానించాలి. 15 దాటినా ప్రమాదమే. రెగ్యులేటర్ చెడి బ్యాటరీని ఉడకబెడుతోందని అర్థం. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే అవసరాన్ని బట్టి వోల్టేజీని మారుస్తుంటుంది కాబట్టి వాటిలో ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు.

ఇంకో చిక్కుంది. ఆల్టర్నేటర్‌లోని డయోడ్లలో ఒకటి పోతే, కారు ఆపి ఉన్నప్పుడు కూడా అది రాత్రంతా కరెంటు తాగేస్తూ ఉండొచ్చు. కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో 'డౌన్' అవడానికి ఇదో కారణం.

ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ తీగ పీకి 'ఆగిపోతే డైనమో పోయినట్టు' అనే పాత పరీక్ష చేయనివ్వకూడదు. అంబాసిడర్ల రోజుల్లో చెల్లింది. ఇప్పుడలా చేస్తే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీకి కంప్యూటర్ కాలిపోవచ్చు. బ్యాటరీతో పోయేదానికి అంతకు ఎన్నో రెట్లు ఖర్చు!

ఘాట్ రోడ్డు మీద ఎర్ర దీపం

యారాడ కొండ ఎక్కుతుండగా డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగితే, కుళాయి ఆగిపోయిందని హెచ్చరిక. ఇక కుండలో ఉన్నంతసేపే ప్రయాణం. ఏసీ, పాటలు, ఫోన్ ఛార్జింగ్ ఆపేసి, ఇంజిన్ మాత్రం ఆపకుండా దగ్గర్లోని షాపు చేరుకోవడం మేలు. అయితే ఉష్ణోగ్రత ముల్లు పైకి లేస్తున్నా, స్టీరింగ్ బిగుసుకున్నా, రాత్రిపూట దీపాలు మసకబారుతున్నా ఇంకొక్క మలుపు అనుకోవద్దు. వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీసి ఆపేయాలి. చాలా కార్లలో నీళ్ల పంపు తిరిగేదీ ఆ బెల్టు మీదే. అది తెగితే ఇంజిన్ కూడా పాడవుతుంది.

ఆగిన కారును వాలులో దొర్లించి స్టార్ట్ చేద్దామన్న ఆలోచన ఘాట్‌లో అసలే వద్దు. ఇంజిన్ నడవనప్పుడు బ్రేకు తొక్కడానికి రెట్టింపు బలం కావాలి. అంతకన్నా మరో కారు నుంచి తీగలతో కరెంటు అరువు తెచ్చుకోవడం నయం. ముందు ఎర్ర తీగ రెండు ప్లస్‌లకు... తర్వాత నల్ల తీగ ఒక కొన మంచి బ్యాటరీ మైనస్‌కు... రెండో కొన ఆగిన కారు ఇంజిన్‌లోని రంగు లేని ఇనుప భాగానికి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దాని దగ్గర నిప్పురవ్వ పడకూడదు. సిగరెట్ దరిదాపుల్లో ఉండకూడదు.

జేబుకు ఎంత?

ధరలు కారును బట్టి మారతాయి. సుమారుగా చెప్పుకొంటే చిన్న పెట్రోలు కారు బ్యాటరీ నాలుగు నుంచి ఆరు వేలు. పెద్ద డీజిలు బండికి అంతకు రెట్టింపు దాకా. ఆల్టర్నేటర్‌లో కార్బన్ బ్రష్‌లు అరిగినా, బెల్టు వదులైనా కొన్ని వందలతో పోతుంది. రెగ్యులేటరో, బేరింగో అయితే వేలల్లోకి వెళ్తుంది. మొత్తం కొత్తది వేయాలంటే పది వేల నుంచి పాతిక వేలు, ఇంకా పైకి కూడా. అందుకే 'డైనమో పోయింది' అనగానే కొత్తదానికి ఒప్పుకోకుండా, విప్పి చూసే ఆటో ఎలక్ట్రీషియన్‌ను 'ఏ భాగం పోయింది?' అని అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు బ్యాటరీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో అది చూసుకోవాలి. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి. పాత బ్యాటరీని ఊరికే వదిలేయకూడదు. దాని బరువులో సగానికి పైగా సీసమే. ఇచ్చేస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు. చెత్తలో పడేస్తే నేలకూ, నీటికీ విషం.

ఇక నెలకోసారి టెర్మినళ్లను గోరువెచ్చటి నీళ్లలో కలిపిన వంట సోడాతో తుడిచి, ఆరాక కాస్త వ్యాజిలిన్ రాస్తే చాలు. విప్పేటప్పుడు నలుపు ముందు, బిగించేటప్పుడు ఎరుపు ముందు. మూడేళ్లు దాటిన బ్యాటరీకి ఏడాదికోసారి పరీక్ష. దీనికయ్యే ఖర్చు తీరం దగ్గర తాగే కొబ్బరిబోండాం పాటి ఉండదు.

ఈసారి యారాడ వెళ్లేవాళ్లు కొండెక్కే ముందు సింధియాలో ఓ ఐదు నిమిషాలు ఆగి ఆ పరీక్ష చేయించుకుంటే సరి. అలల హోరు వినడానికి వెళ్లి, 'టిక్ టిక్' వింటూ కూర్చునే పని ఉండదు!