ఇంజన్ ఆయిల్ నలుపు – యంత్రం అరుగుదల: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో 65వ జాతీయ రహదారిపై తిరిగే సరకు లారీలు, పరిశ్రమల్లోని జనరేటర్లు, చుట్టుపక్కల పొలాల్లోని ట్రాక్టర్లు ప్రధానంగా డీజిల్‌పైనే నడుస్తాయి. డిప్‌స్టిక్ బయటకు తీసి, ఆయిల్ నల్లగా ఉంటే పాడైందనీ, ఇంజన్ అరుగుతున్నదనీ భావించడం సర్వసాధారణం. ఈ భావన ఎంతవరకు శాస్త్రీయమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నల్లబడటానికి కారణాలు:

డీజిల్ పూర్తిగా మండనప్పుడు మసి ఏర్పడుతుంది. అందులో కొంత భాగం పిస్టన్ రింగుల పక్కనుంచి జారే వాయువులతో పాటు క్రాంక్‌కేసులోని ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్‌లోని డిటర్జెంట్లు లోహభాగాలపై మడ్డి పేరుకోకుండా చూస్తాయి. డిస్పర్సెంట్లు మసి రేణువులను గుంపుకట్టనీయక, ఆయిల్ అంతటా విడివిడిగా నిలుపుతాయి. అందువల్లనే డీజిల్ ఇంజన్‌లో పోసిన కొత్త ఆయిల్ కొద్ది గంటల్లోనే నల్లబడవచ్చు. ఇటువంటి నలుపు ఆయిల్ తన పని తాను చేస్తున్నదనడానికి నిదర్శనం.

రెండవ కారణం ఆక్సీకరణం. అధిక వేడిలో ఆక్సిజన్‌తో చర్య జరిపిన ఆయిల్ ముదురు రంగుకు మారి, చిక్కబడి, ఆమ్లగుణాన్ని పొందుతుంది. ఇది నిజంగా క్షీణతే. అయితే ఈ రెండు రకాల నలుపునూ కంటితో వేరుచేయడం సాధ్యం కాదు.

3. అరుగుదలను తెలిపే ఆధారాలు:

అరిగిన లోహం ఆయిల్‌లో సాధారణంగా పది లక్షల భాగాలకు కొన్ని భాగాల చొప్పున మాత్రమే ఉంటుంది. ఆ స్వల్ప పరిమాణం రంగును మార్చదు. దానిని స్పెక్ట్రోమీటరుతో కొలవాలి. ఇనుము పెరిగితే సిలిండర్ లైనర్లు, క్రాంక్‌షాఫ్టు వంటి భాగాలను, అల్యూమినియం పెరిగితే పిస్టన్లను, సీసం, రాగి, తగరం పెరిగితే బేరింగులను అనుమానించాలి. సిలికాన్‌తో పాటు ఇనుము, అల్యూమినియం కూడా పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము ప్రవేశిస్తున్నదని ఊహించవచ్చు. మట్టిదారుల్లో తిరిగే వాహనాలకు ఇది ముఖ్యమైన హెచ్చరిక. ఒక్క పరీక్ష ఫలితం కంటే వరుస పరీక్షలలో కనిపించే మార్పే నమ్మదగినది.

ఈ పద్ధతిని 1940లలో అమెరికా రైల్వేలు ఆచరణలోకి తెచ్చాయి. భారతీయ రైల్వేల డీజిల్ లోకోషెడ్లలోనూ ఇది అనుసరణలో ఉంది. పెద్ద లోహరేణువులను స్పెక్ట్రోమీటరు సరిగా పట్టుకోలేదు. వాటి పరిశీలనకు ఫెర్రోగ్రఫీ అవసరం.

ప్రయోగశాల అందుబాటులో లేనిచోట ఫిల్టరు కాగితంపై ఒక చుక్క ఆయిల్ వేసి చూడవచ్చు. మసి సమంగా వ్యాపిస్తే డిస్పర్సెంట్లు పనిచేస్తున్నట్లు. నడుమ చిక్కని నల్లచుక్కగా ఆగిపోతే వాటి శక్తి తగ్గినట్లు. ఈ పరీక్ష ఆయిల్ స్థితిని తెలుపుతుందే తప్ప లోహపు అరుగుదలను కొలవదు.

4. ముగింపు:

రంగును మాత్రమే నమ్మితే నష్టం రెండు విధాలు. పనికివచ్చే ఆయిల్‌ను ముందే పారబోయడం ఒకటి. తేటగా కనిపించే ఆయిల్‌లో దాగిన బేరింగు అరుగుదలను గమనించకపోవడం మరొకటి. వాడిన ఆయిల్ 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. అటువంటి ప్రాంతంలో అనవసరంగా మార్చే ప్రతి లీటరూ అదనపు భారమే. కనుక తయారీదారు సూచించిన గడువును పాటిస్తూ, పరీక్ష ఫలితాల ఆధారంగా నిర్ణయం తీసుకోవడం యంత్రానికీ, నేలకూ మేలు.