ఎర్రర్ మెసేజ్ ఎర్రగా ఉంటే చాలదు: అపోహలు – వాస్తవాలు

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. వాతావరణ శాఖ హెచ్చరికల రంగులు ఇక్కడివాళ్లకు ఊరికే కనిపించవు: పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధం కావాలి, ఎరుపు అంటే వెంటనే కదలాలి. ప్రతి రంగూ ఒక పని చెబుతుంది. జావాస్క్రిప్ట్‌లో మనం రాసే ఎర్రర్ మెసేజ్ కూడా అలాగే ఉండాలి. పలాస, టెక్కలి వైపు కోడింగ్ నేర్చుకునే పిల్లల కోసం, జీడి పిక్కల కొనుగోలు లెక్కనే ఉదాహరణగా తీసుకుందాం.

అపోహ: ఎర్రర్ రాలేదంటే లెక్క సరిగ్గా ఉన్నట్టే.
వాస్తవం: పిక్కల బస్తా 80 కిలోలు. బరువు గడిలో ఎవరో '80కేజీ' అని కొట్టారనుకోండి. దాన్ని ధరతో గుణిస్తే జావాస్క్రిప్ట్ ఆగదు. 'నాన్', అంటే 'ఇది అంకె కాదు' అని తేల్చి ముందుకు పోతుంది. దాన్ని కూడిన మొత్తం కూడా 'నాన్' అయిపోతుంది. అందుకే విలువ లోపలికి రాగానే పరీక్షించి, తప్పైతే మనమే 'త్రో' చేసి ఆపాలి.

అపోహ: 'తప్పు జరిగింది' అని చెబితే సరిపోతుంది.
వాస్తవం: ఎక్కడ, ఏమిటి, ఇప్పుడేం చేయాలి అనే మూడూ ఉండాలి. "లోపం: 14వ వరుసలో బస్తా బరువు '80కేజీ' అని ఉంది. అంకె మాత్రమే రాయండి. ఉదా: 80." ఇది చదివిన మనిషి ఎవరినీ అడగకుండా దిద్దుకోగలడు.

అపోహ: రంగు ఉంటే మాట అక్కర్లేదు.
వాస్తవం: ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వాళ్లున్నారు, మగవాళ్లలో మరీ ఎక్కువ. కాబట్టి 'లోపం', 'హెచ్చరిక' అనే మాటలు తప్పనిసరి. 'లోపం' అన్న మాటకు ఎరుపు, తప్పు విలువకు పసుపు వేసి మిగతాది మామూలుగా వదిలేయండి. కన్ను నేరుగా తప్పు దగ్గరికే వెళ్తుంది.

అపోహ: రంగులకు పెద్ద లైబ్రరీ కావాలి.
వాస్తవం: టెర్మినల్ రంగులు చిన్న సంకేతాలే. 31 ఎరుపు, 33 పసుపు, 0 మళ్లీ మామూలు. ఆ సున్నా మరిచిపోతే తర్వాతి వరుసలూ ఎర్రబడతాయి. నోడ్ కొత్త వెర్షన్లలో 'స్టైల్‌టెక్స్ట్' అనే ఫంక్షన్ దానితోపాటే వస్తుంది.

అపోహ: నా తెరపై బాగుంటే అంతటా బాగుంటుంది.
వాస్తవం: అదే మెసేజ్‌ను లాగ్ ఫైల్‌లోకి పంపితే రంగు సంకేతాలు పిచ్చి అక్షరాలై మిగులుతాయి. ఎదుట ఉన్నది టెర్మినలా కాదా అని 'ఈజ్‌టీటీవై'ని అడిగి, టెర్మినల్ అయితేనే రంగు వేయండి.

అపోహ: సులువైన మాట రాయాలంటే అసలు ఎర్రర్‌ను తీసేయాలి.
వాస్తవం: 2022 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణంలో 'కాజ్' చేరింది. కొత్త ఎర్రర్‌కు పాతదాన్ని కారణంగా తగిలించవచ్చు. వాడేవాళ్లకు తేట తెలుగు మాట, దిద్దేవాళ్లకు అసలు ఆచూకీ, రెండూ దక్కుతాయి.

ఈసారి ఎర్రర్ మెసేజ్ రాశాక, కాటా దగ్గర పద్దు రాసే మనిషికి దాన్ని చదివి వినిపించండి. ఏం దిద్దాలో ఆయన వెంటనే చెప్పగలిగితేనే మీ పని పూర్తయినట్టు.