గని గుంతలో తేట నీరు మంచి నీరేనా?



వానలు మొదలైతే ఆసుపత్రికి వాంతులు, విరేచనాలతో వచ్చేవారు ఎక్కువవుతారు. అందుకే నీళ్లు కాచి చల్లార్చి త్రాగమని మేము ఎప్పుడూ చెబుతుంటాము. అయితే గనులున్న ఊళ్లలో ఆ ఒక్క జాగ్రత్త చాలదు. ఎందుకో ఈసారి తెలుసుకుందాము.

మన చుట్టూ ఉన్న గనులు

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి, నాపరాయి గనులున్నాయి. పులివెందుల దగ్గర వేముల మండలంలో ముగ్గురాయి గనులు ఉన్నాయి. అదే మండలంలోని తుమ్మలపల్లెలో యురేనియం గనికి 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో పని మొదలైంది.

గని త్రవ్వినచోట చెట్టూ పైమట్టీ పోయి, రాళ్లపొడి గుట్టలుగా మిగులుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వాన పడితే ఆ పొడి అంతా వంకలోకి, చెరువులోకి, చేలలోకి కొట్టుకొస్తుంది. వంకలు చివరికి నదిని చేరుతాయి. చిత్రావతి పెన్నలో కలుస్తుంది. ఆ పెన్న ఒడ్డునే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఉన్నాయి.

ఒండ్రు గుంత ఎలా ఉండాలి?

ఈ బురదను ఆపడానికి గని యజమానులు ఒండ్రు గుంత కట్టాలి. అందులో చూడవలసినవి నాలుగు.

మొదటిది, గని చుట్టూ దండలాగ కాలువ. కొండ మీది మంచి వాన నీరు గనిలోకి రాకుండా ఇది ప్రక్కకు పంపుతుంది. గని లోపలి మురికి నీరు మాత్రమే గుంతకు చేరాలి.

రెండవది, గుంత పరిమాణం. 25 ఎకరాల గనిపై ఒక్క రోజులో 10 సెంటీమీటర్ల వాన పడితే సుమారు కోటి లీటర్లు. అందులో సగం పారినా 50 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు వెయ్యి! గనులకిచ్చే పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా, అకస్మాత్తుగా పడే పెద్ద వాన లెక్కపై మరో 50 శాతం ఎక్కువ పట్టేలా కట్టాలని షరతు ఉంటుంది. మామూలు వానను చూసి కట్టిన గుంత, తుపాను రోజున పనికిరాదు.

మూడవది, వైశాల్యం. సన్న ఇసుక మీటరు లోతుకు దిగడానికి కొద్ది నిమిషాలు చాలు. మెత్తని బంకమట్టి రేణువుకు మూడు రోజులైనా పట్టవచ్చు. కాబట్టి గుంత లోతుగా ఉంటే చాలదు, వెడల్పుగా, పొడవుగా ఉండాలి. నీరు ఒక కొసన వచ్చి రెండో కొసన పోవాలి. బిందెలో పటిక త్రిప్పినట్లు ఇక్కడ కూడా పటిక వాడి మట్టిని త్వరగా దించుతారు.

నాలుగవది, అలుగు, పూడికతీత. అలుగు లేకపోతే నీరు కట్ట మీద పొర్లి కట్ట తెగుతుంది. వానలకు ముందే పూడిక తీయకపోతే గుంతలో నీటికి చోటుండదు.

తేట నీరు వేరు, మంచి నీరు వేరు

ఒండ్రు గుంత మట్టిని ఆపుతుంది. నీటిలో కరిగిపోయినదాన్ని ఆపలేదు. ఉప్పు వేసిన నీళ్లు ఎంతసేపు ఉంచినా ఉప్పు అడుగుకు దిగదు కదా! కరిగిన యురేనియం కూడా అంతే. అది ముఖ్యంగా మూత్రపిండాలకు హాని చేస్తుంది. త్రాగే నీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సూచించింది. కాచితే క్రిములు చస్తాయి గాని యురేనియం పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఖనిజం శుద్ధి చేశాక మిగిలే వ్యర్థాన్ని నిల్వ చేసే చెరువు వేరే. దాని అడుగున నీరు ఇంకకుండా పొర వేయాలి. తుమ్మలపల్లె దగ్గరి కె.కె. కొట్టాల రైతులు, ఆ చెరువు వల్ల తమ బోర్లు, అరటి తోటలు పాడవుతున్నాయని ఫిర్యాదు చేశారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి యురేనియం కార్పొరేషన్‌కు నోటీసు ఇచ్చింది. తమ వల్ల కాదని ఆ సంస్థ చెప్పింది. ఇటువంటి వివాదం తేలేలోపు కూడా ఇంట్లో పిల్లలు ఆ నీళ్లే త్రాగాలి. అందుకే మన జాగ్రత్త మనం తీసుకోవాలి.

మీరు చేయవలసినవి

• గని గుంతల నీరు ఎంత తేటగా ఉన్నా త్రాగవద్దు, వంటకు వాడవద్దు. పశువులను తోలవద్దు.
• పిల్లలను ఈతకు పంపవద్దు. అడుగున బురదలో కాళ్లు దిగబడితే పైకి రాలేరు.
• వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి బోరు నీటిని పరీక్ష చేయించండి. గని ఊళ్లవారు యురేనియం పరీక్ష కావాలని ప్రత్యేకంగా అడగండి.
• నీటిలో యురేనియం ఎక్కువని తేలితే వేరే నీరు తెచ్చుకోండి. ఆర్.ఓ. యంత్రం దాన్ని చాలావరకు తీసివేస్తుంది.
• ముఖం, కాళ్లు వాచినా, మూత్రం తగ్గినా నాటుమందులతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి రండి. మీ ఊరి నీటి సంగతి కూడా డాక్టరుగారికి చెప్పండి.
• సెప్టెంబరులోనే పంచాయతీ పెద్దలతో కలిసి గనివారిని అడగండి: "పూడిక తీశారా? అలుగు బాగుందా? కట్ట గట్టిగా ఉందా?"

వాన పడ్డాక అడిగితే ఆలస్యమవుతుంది. ఈ సంగతులు మీ ఇరుగుపొరుగువారికి కూడా చెప్పగలరు.