చేతులు మారే జన్యువు

హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు చుట్టుపక్కల దాదాపు 90 మందుల కంపెనీల మురుగు ఒకప్పుడు ఒకే ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరేది. అక్కడి నుంచి బయటికి వదిలే నీటిని స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. గమనించండి, ఇది శుద్ధి చేశాక తేలిన లెక్క.

అంత మందులో బ్యాక్టీరియా బతకకూడదు. కానీ బతకడమే కాదు, పిల్లాపాపలతో వర్ధిల్లింది. ఆ కేంద్రం నుంచి వేరుచేసిన రకాల్లో 86 శాతం, ఇరవై లేదా అంతకు మించిన యాంటీబయాటిక్‌లకు లొంగడం లేదని 2013లో వచ్చిన మరో అధ్యయనం తేల్చింది.

ఇదంతా ఫ్యాక్టరీల పుణ్యమే అనుకుంటే పొరపాటు. కెనడాలోని యూకాన్‌లో 30 వేల ఏళ్ల నాటి గడ్డకట్టిన నేలలోనూ, మందులకు లొంగకుండా చేసే నిరోధక జన్యువులు దొరికాయి. అమెరికాలో లక్షల ఏళ్లుగా బయటి ప్రపంచానికి దూరంగా ఉన్న లెచుగియా గుహ బ్యాక్టీరియాలో కొన్ని 14 మందులను తట్టుకున్నాయి. ఇందులో వింత లేదు. మన యాంటీబయాటిక్‌లు చాలావరకు మట్టి సూక్ష్మజీవుల తయారీయే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ ప్రయోగశాల 1948లో లోకానికిచ్చిన ఆరియోమైసిన్ కూడా అలా మట్టిలోంచి వచ్చిందే. విషం తయారుచేసే జీవి దగ్గర విరుగుడూ ఉండి తీరాలి కదా!

మరి గుహకూ పటాన్‌చెరుకూ తేడా ఏమిటి? జన్యువు ఎక్కడ కూర్చుందన్నదే తేడా. క్రోమోజోమ్‌లోని జన్యువు పొలం లాంటిది, మామూలుగా వారసులకే దక్కుతుంది. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉన్నది జేబులో నోటు. ఎదురైనవాడు వేరే జాతివాడైనా సరే, చేతులు మారుతుంది. పటాన్‌చెరు దగ్గరి కాజీపల్లి చెరువు బురదలోని డీఎన్‌ఏను చదివి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, నిరోధక జన్యువులు ఒక స్వీడన్ సరస్సులో కన్నా 7,000 రెట్లు ఎక్కువగా కనిపించాయి. అంతకన్నా కలవరపెట్టేది, వాటిని మోసుకెళ్లే కొత్త ప్లాస్మిడ్‌లు కూడా అక్కడ బయటపడటం.

అలా చేతులు మారిన జన్యువులు ఆసుపత్రుల్లో ఇప్పటికే ఉన్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందుల దెబ్బను తట్టుకోనిచ్చే క్యూఎన్‌ఆర్‌ఏ జన్యువు మూలం షివనెల్లా అనే నీటి బ్యాక్టీరియా. ఐసీయూలను వణికించే సీటీఎక్స్-ఎం జన్యువులు క్లూయివెరా అనే అనామక జీవి సొత్తు. మరో నిరోధక జన్యువు ఎన్‌డీఎం-1 సంగతి సరేసరి. 2011లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఢిల్లీ కుళాయిల నుంచి తీసిన 50 నమూనాల్లో రెండింటిలో, రోడ్ల పక్క నిలిచిన నీటి 171 నమూనాల్లో 51లో అది దొరికింది. తర్వాత ఉత్తర ధ్రువానికి దగ్గరి స్వాల్‌బార్డ్ మట్టిలో కూడా కనిపించింది.

పటాన్‌చెరు మురుగును తర్వాత 18 కిలోమీటర్ల పైపులైన్‌లో అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. వాగులకు కొంత ఊరట దక్కిందేమో గానీ, జన్యువుల లెక్కలో చూస్తే ఇంతకన్నా తిరకాసు ఏర్పాటు ఉండదు. మందుకు రాటుదేలిన బ్యాక్టీరియానూ, లక్షల మంది పేగుల్లోంచి వచ్చిన బ్యాక్టీరియానూ ఒకే తొట్టెలో కలిపితే, ఆ జేబు నోట్లు మనుషులకు జబ్బు చేసేవాటి చేతికీ చేరొచ్చు. అక్కడి నీరు మూసీలోకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లు ఎంత మించరాదో హద్దులు చెబుతూ ముసాయిదా విడుదల చేసింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు లేవు. లెక్కించడం చేతకాక కాదు. కరోనా రోజుల్లో హైదరాబాద్ మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లను అక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. నిరోధక జన్యువులనూ అలాగే పట్టుకోవచ్చు. ఫ్యాక్టరీ గొట్టం దగ్గర పట్టుకుని తీరాలన్న షరతే ఆ నోటిఫికేషన్‌లో లేదు.