ఒక పొయ్యి, ఒక కుటుంబం: నీరు, విద్యుత్తు, ఆహార వినియోగ పరిశోధనకు ఇళ్లను ఎంపిక చేసే విధానం

బెంగళూరు నగరానికి కావేరి జలం సుమారు వంద కిలోమీటర్ల దూరం నుండి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు పంపుల సాయంతో ఎక్కి వస్తుంది. వెయ్యి లీటర్ల నీటిని అంత ఎత్తుకు చేర్చడానికి, పంపులలో జరిగే నష్టాన్ని లెక్కలోకి తీసుకోకుండానే, 1.36 యూనిట్ల విద్యుత్తు కావాలి. నెలకు 12,000 లీటర్లు వాడే ఇంటి విషయంలో, ఆ నీరు గడప దాటక ముందే 16 యూనిట్లకు పైగా విద్యుత్తు వ్యయమై ఉంటుందన్నమాట. ఆపైన సంపులో నుండి మేడమీది ట్యాంకుకు ఎక్కించడానికి మరొక మోటారు. 20 లీటర్ల బకెట్టు నీటిని స్నానానికి మరో 20 డిగ్రీలు వేడిచేయడానికి దాదాపు అర యూనిట్టు. బియ్యం కడగడం, పప్పు నానవేయడం, కుక్కరు పెట్టడం, అంట్లు తోమడం వీటన్నిటిలోనూ నీరు, ఇంధనం, ఆహారం ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. ఈ మూడింటి బిల్లులు మూడు వేర్వేరు కార్యాలయాల నుండి వస్తాయి గాని, వంటింట్లో అవి ఒకే పనిగా సాగుతాయి.

ఈ మూడింటినీ కలిపి పరిశీలించాలన్న ఆలోచనకు 2011 నవంబరులో జర్మనీలోని బాన్ నగరంలో జరిగిన సదస్సుతో విస్తృత ప్రచారం లభించింది. మొదట్లో చర్చ అంతా నదులు, ఆనకట్టలు, సాగుభూముల చుట్టూ తిరిగింది. నగరాలలో ఈ మూడింటి వాడకం అసలు నిర్ణయమయ్యేది ఇళ్లలోనే గనుక, క్రమంగా పరిశోధకుల దృష్టి ఇంటివైపు మళ్లింది. విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు ఇంటింటికీ వచ్చి, కొన్ని వారాలపాటు దినచర్యను నమోదు చేయడానికి కుటుంబాలను ఆహ్వానించడం ఇందులో భాగమే. అట్టి ఆహ్వానం అందినప్పుడు అది ఏమిటో, ఎందుకో, ఏ మేరకు అంగీకరించవచ్చునో తెలుసుకొని ఉండడం అద్దె ఇళ్లలో నివసించే తెలుగువారికి ప్రత్యేకంగా అవసరం. ఎందువల్లనంటే, ఇటువంటి లెక్కలలో నుండి తేలికగా జారిపోయేది అద్దె ఇళ్లవారే.

జలమండలి వద్ద మీటరు లెక్కలు ఉన్నవి కదా, ఇంటికి వచ్చి అడగడమెందుకు అన్న ప్రశ్న సహజం. మీటరు తెలిపేది కనెక్షను సంగతి. కుటుంబం సంగతి కాదు. నగరంలోని పాత పేటలలో ఒకే ఆవరణలో ఐదారు వాటాలుండే వఠారాలు నేటికీ ఉన్నవి. ఐదు కుటుంబాలు తలా 9,000 లీటర్లు వాడితే, ఒకే కొళాయి మీటరుపై 45,000 లీటర్లు కనబడుతుంది. 2014 నుండి 2025 ఏప్రిల్ వరకు అమలులో ఉన్న గృహ ధరలలో, వెయ్యి లీటర్లకు మొదటి 8,000 లీటర్ల వరకు 7 రూపాయలు, అటుపై 25,000 వరకు 11 రూపాయలు, 50,000 వరకు 26 రూపాయలు. ఆ ధరల చొప్పున, ఒకే కనెక్షను కింద కట్టిన లెక్క 763 రూపాయలు. అదే ఐదు కుటుంబాలకు ఐదు మీటర్లు ఉంటే తలా 67, మొత్తం 335 రూపాయలు. బిల్లు కాగితం మాత్రమే చూసిన అధికారికి ఆ ఆవరణ నీటిని దుబారా చేసే ఒక పెద్ద ఇల్లుగా కనిపిస్తుంది. నిజానికి అందులోని ఒక్కొక్క మనిషి వాటా నగరాలకు నిర్దేశించిన రోజుకు 135 లీటర్ల ప్రమాణంలో సగమే కావచ్చు. నలుగురున్న కుటుంబానికి 9,000 లీటర్లంటే మనిషికి రోజుకు 75 లీటర్లే.

ట్యాంకరు నీటికి ఆ మీటరు కూడా లేదు. 2024 వేసవిలో బోరుబావులు ఎండిపోయినప్పుడు, బెంగళూరు నగర జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు గరిష్ఠ ధరలను నిర్ణయించవలసి వచ్చింది. ఐదు కిలోమీటర్ల లోపు దూరానికి 6,000 లీటర్ల ట్యాంకరుకు 600 రూపాయలు, 12,000 లీటర్లదానికి 1,000 రూపాయలు. అంటే చిన్న ట్యాంకరు తెప్పించుకున్నవారికి వెయ్యి లీటర్లు నూరు రూపాయలు పడింది. కొళాయి గలవారు చెల్లించిన 7 రూపాయలతో పోల్చి చూస్తే తేడా బోధపడుతుంది. ఈ ఖర్చు ఏ శాఖ పుస్తకంలోనూ కుటుంబం పేరున నమోదు కాలేదు. అది తెలియాలంటే ఇంట్లో అడిగి తెలుసుకోవలసిందే.

ఇక ఎవరిని అడగాలి? నగరంలోని ఇళ్లన్నిటినీ అడగడం అసాధ్యం. అన్నం ఉడికినదో లేదో తెలుసుకోవడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునని తెలుగువారికి తెలియనిది కాదు. నమూనా సర్వే సూత్రం అదే. 1950లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ చొరవతో ప్రారంభమైన జాతీయ నమూనా సర్వే ఈ పద్ధతిపైనే నడుస్తున్నది. (ఆయన స్థాపించిన కలకత్తా భారతీయ గణాంక సంస్థలో దశాబ్దాలపాటు పనిచేసి లోకప్రసిద్ధి పొందిన సి.ఆర్. రావు తెలుగు కుటుంబంలో, నేడు కర్ణాటకలో ఉన్న హూవిన హడగలిలో, 1920లో జన్మించినవారు.) 2022 ఆగస్టు నుండి 2023 జులై వరకు జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వేలో దేశమంతటికీ కలిపి పలకరించినది 2,61,746 కుటుంబాలను. పట్టణ కుటుంబం తన నెలవారీ వినియోగంలో దాదాపు 39 శాతం ఆహారానికి వెచ్చిస్తున్నదని తేలినది ఆ మెతుకుల నుండే.

అయితే ఒక చిక్కు ఉన్నది. మెతుకు పరీక్ష చెల్లేది గిన్నె అంతా ఒకే సెగపై ఉడికినప్పుడు. నగరం అట్టి గిన్నె కాదు. అందువల్ల ఇళ్ల జాబితాను ముందుగా తయారుచేసి, ప్రాంతాలవారీగా, స్థితిగతులవారీగా విభజించి, ప్రతి విభాగం నుండి లాటరీ పద్ధతిలో కొన్ని ఇళ్లను తీస్తారు. లాటరీలో వచ్చిన ఇంటికి తాళం వేసి ఉంటే మరొక రోజు, మరొక వేళలో రావాలి. ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి రాత్రి ఎనిమిదింటికి తిరిగివచ్చే కట్టడపు పనివారు, ఇళ్లలో పాచిపని చేసే స్త్రీలు, రెండు షిఫ్టుల కాపలాదారులు మధ్యాహ్నం వచ్చిన గణకునికి ఎన్నడూ దొరకరు. వారి స్థానంలో పక్కింటివారిని అడిగి వెళ్లిపోతే, పగలు ఇంట్లో ఉండగల కుటుంబాల నీటి వాడకమే నగరపు వాడకంగా నమోదవుతుంది.

లాటరీ లేకుండా, ఇష్టమున్నవారు పేర్లు ఇవ్వవచ్చునని ప్రకటించే పరిశోధనలు కూడా ఉంటాయి. వాటిలో ఈ వక్రత మరింత ఎక్కువ. ముందుకు వచ్చేవారు సాధారణంగా చదువుకున్నవారు, పొదుపుపై శ్రద్ధగలవారు, సొంత ఇల్లు గలవారు. అపార్టుమెంటు సంఘానికి ఒక సందేశం పంపితే యాభై ఇళ్లు ఒకేసారి దొరుకుతాయి. వఠారానికి సంఘమూ లేదు, కార్యదర్శీ లేడు. పరిశోధకులు సులువైన దారి పట్టడంలో వింత లేదు గాని, ఆ దారిన వచ్చిన లెక్కల ఆధారంగా గొట్టాల వెడల్పు, నీళ్ల వేళలు నిర్ణయిస్తే నష్టపోయేది ఆ లెక్కలో లేనివారు.

కుటుంబం అన్న మాట దగ్గరే తెలుగువారికి ఒక తికమక ఉన్నది. సర్వే పరిభాషలో, సాధారణంగా కలిసి నివసిస్తూ ఒకే వంటపై భోజనం చేసేవారంతా ఒక కుటుంబం. రక్తసంబంధంతో నిమిత్తం లేదు. తెలుగులో చెప్పాలంటే, ఒక పొయ్యి ఒక లెక్క. ఒకే ఇంట్లో ఉంటూ వేరుపడి వండుకునే అన్నదమ్ములు రెండు కుటుంబాలు. అనంతపురం నుండో కర్నూలు నుండో వచ్చి, ఒక గది అద్దెకు తీసుకొని, వంతులవారీగా వండుకునే ఆరుగురు యువకులు ఒక కుటుంబం. కాని “మీ కుటుంబంలో ఎందరు?” అని అడగగానే వారు “మా కుటుంబం ఊళ్లో ఉంది” అని బదులిస్తారు, అడిగినవాడు ఖాళీ ఇల్లని రాసుకొని పక్క తలుపు తట్టుతాడు. అట్టి గదులవారు “ఇక్కడ ఒక పొయ్యి మీద ఆరుగురం తింటున్నాము” అని చెబితే లెక్క సరిగా పడుతుంది.

“నీరు” అన్న మాటకూ ఇదే గతి. ఇళ్లలో మంచినీళ్లు వేరు, వాడుక నీళ్లు వేరు. కావేరి నీళ్లు వేరు, బోరు నీళ్లు వేరు, క్యాన్లలో తెచ్చుకునేవి వేరు. “రోజుకు ఎంత నీరు వాడతారు?” అని అడిగితే చాలామంది కొళాయి సంగతి మాత్రమే చెప్పి ఊరుకుంటారు. 2011 జనగణన ప్రకారం కర్ణాటకలో మాతృభాషగా కన్నడం, ఉర్దూ తరువాత మూడవ స్థానం తెలుగుదే. అయినా ప్రశ్నపత్రాలు చాలావరకు కన్నడంలో, ఆంగ్లంలో తయారై, తెలుగు ఇంటి గడప వద్ద అప్పటికప్పుడు నోటిమాటగా అనువాదమవుతాయి. తెలుగులో ముద్రించిన ప్రశ్నపత్రం గాని, తెలుగు తెలిసిన గణకుని గాని కోరడం గొంతెమ్మ కోరిక ఏమీ కాదు. ఆరోగ్య సంబంధమైన పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాలు, పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలోనే వివరాలు తెలిపి సమ్మతి తీసుకోవాలని స్పష్టంగా చెబుతున్నవి.

ఎవరు జవాబు చెప్పాలన్నదీ ముఖ్యమే. గణకులు ఇంటి యజమానిని పిలవడం రివాజు. కాని ఎన్ని బిందెలు పట్టారో, గ్యాస్ బండ ఎన్ని రోజులు వచ్చిందో, ఏ రోజు రాగి సంగటి చేశారో తెలిసినది ఇంటి ఆడవారికి. 2019 నాటి కాల వినియోగ సర్వేలో, వేతనం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు గడుపుతున్నట్లు తేలింది. కాబట్టి డైరీ ఎవరు రాయాలో వేరే చెప్పనక్కరలేదు. ఆ రాత పని కూడా వారి నెత్తినే పడుతుంది గనుక, పరిశోధకులు అందుకు పారితోషికం ఇవ్వడం న్యాయమే. అయితే ఆ మొత్తం వెచ్చించిన సమయానికి తగినదిగా ఉండాలి గాని, ఇష్టం లేనివారిని కూడా లొంగదీసే ఎరగా ఉండరాదు.

నమోదు పద్ధతి కష్టమైనది కాదు. మొదటి రోజు ఇంట్లోని బిందె, బకెట్టు, చెంబు ఎన్నెన్ని లీటర్లు పడతాయో కొలుస్తారు. ఆపై ఎన్ని బిందెలన్నది రాస్తే చాలు. గ్యాస్ బండను వారం మొదట, చివర తూకం వేస్తారు. నిండు బండలో గ్యాసు 14.2 కిలోలు గనుక, నలభై రోజులు వచ్చే ఇంట్లో రోజుకు సుమారు 355 గ్రాములు ఖర్చు. కూరగాయలు, పాలు వంటి వాటికి గడచిన ఏడు రోజుల లెక్క అడుగుతారు. ముప్పై రోజుల వెనుకటి వంకాయలు ఎవరికీ గుర్తుండవు. బియ్యం, రాగుల లెక్కకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. కిలో బియ్యం పండడానికి ప్రపంచ సగటున సుమారు 2,500 లీటర్ల నీరు పడుతుంది. రాగి చాలావరకు వానపైనే పండే పైరు. ఒక పూట అన్నానికి బదులు సంగటి తిన్న ఇల్లు, ఆ పూట తన కొళాయిలో ఎన్నడూ కనబడని నీటిని పొదుపు చేసినట్లే.

ఇళ్లవారు తలుపు వేసుకోవడానికి ప్రధాన కారణం భయం. లెక్కలు చెబితే రేషన్ కార్డు రద్దవుతుందని, ప్లగ్గుకు మీటరు బిగిస్తే గృహజ్యోతి ఉచిత విద్యుత్తు పోతుందని, వాటాలో ఎందరున్నారో తెలిస్తే ఇంటి ఓనరు అద్దె పెంచుతాడని. గృహజ్యోతి పరిమితి కుటుంబపు పాత సగటు వాడకానికి కొంత కలిపి, 200 యూనిట్లకు మించకుండా, విద్యుత్ సంస్థ మీటరు ఆధారంగా లెక్కించేది. పరిశోధకులు బిగించే చిన్న మీటరుకూ దానికీ సంబంధం లేదు. ప్రభుత్వం 2008 నాటి గణాంక సేకరణ చట్టం కింద జరిపే సర్వేలలో కుటుంబపు వివరాలను గణాంక ప్రయోజనాలకే వాడాలి. మూడవ భయం మాత్రం నిరాధారం కాదు. ఓనరు ఎదుట గాని, అతని ద్వారా గాని జవాబులు తీసుకోరాదని కోరే హక్కు అద్దెవారికి ఉన్నది. మంచి పరిశోధకులు ఆ మాట అడగకముందే విడిగా కూర్చుంటారు.

విశ్వవిద్యాలయాల పరిశోధనలో పాల్గొనడం పూర్తిగా ఐచ్ఛికం. వచ్చినవారు సంస్థ గుర్తింపు కార్డు, పరిశోధన వివరాల పత్రం, నైతిక సమితి అనుమతి చూపాలి. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా రహస్య సంఖ్య, ఫోనుకు వచ్చే ఓటీపీ ఇటువంటి పరిశోధనకు ఏ దశలోనూ అవసరం లేదు. అడిగినవారిని గుమ్మం బయటనే నిలిపివేసి, సంస్థకు ఫోను చేసి విచారించాలి. నచ్చని ప్రశ్నను దాటవేయవచ్చు. మధ్యలో విరమించుకోవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. సంతకం చేసిన సమ్మతి పత్రం ప్రతి ఒకటి ఇంటివారి వద్దనే ఉండాలి. గడువు ముగిసిన పిదప మీటర్లను విప్పి తీసుకువెళ్లే రోజున, తమ ఇంటి లెక్కల ప్రతిని తెలుగులో ఇమ్మని అడగవచ్చు. సమ్మతి పత్రంపై సంతకం చేసే రోజుననే ఆ మాట అందులో రాయించుకుంటే, ఆ తరువాత తిరగవలసిన పని ఉండదు.